మిగ్-21 మోడల్ మీద గుర్తులు: డెకాల్ అతికించాలా, మాస్క్ పెట్టి రంగు వెయ్యాలా?

సునాబేడాలో హెచ్‌ఏఎల్ (హిందుస్థాన్ ఏరోనాటిక్స్) విమాన ఇంజిన్ల ఫ్యాక్టరీలో మా పెదనాన్న చాలా ఏళ్లు పనిచేశారు. నేను మొదటిసారి కట్టిన 1/72 స్కేలు (అసలు దానిలో 72వ వంతు) మిగ్-21 యుద్ధవిమానం మోడల్‌ని అట్టపెట్టెలో పెట్టుకుని, జయపురం నుంచి బస్సులో పట్టుకెళ్లి ఆయనకి చూపించాను. కళ్లజోడు పైకి జరుపుకుని, రెక్కని కిటికీ వైపు తిప్పి చాలాసేపు చూశారు. "బాగా కట్టావురా. కానీ ఈ చక్రం మనది కాదు. మన కాషాయం ఇంత ఎర్రగా ఉండదు. పైగా ఇది రంగు వేసినట్టు లేదు, స్టిక్కరు అంటించినట్టుంది" అన్నారు. ఆయన అన్న రెండు మాటలూ నిజమే. కిట్‌తో వచ్చిన డెకాల్‌లో, అంటే నీళ్లలో నానబెట్టి అతికించే పలుచటి బొమ్మలో, కాషాయం ఇటుక రంగుకి దగ్గరగా ఉంది. చక్రం (మన వైమానిక దళం మూడు రంగుల గుండ్రటి గుర్తు) చుట్టూ ఉన్న సన్నటి పొర అంచు ఆ కిటికీ వెలుతురులో మెరుస్తోంది.

ఆ రోజు నుంచి గుర్తులు వేసే పద్ధతులన్నీ ఒక్కొక్కటిగా చేసి చూశాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పెద్ద గుర్తులకి మాస్క్ (రంగు పడకూడని చోటుని మూసే అచ్చు) పెట్టి రంగు వెయ్యండి, చిన్న అక్షరాలకి డెకాల్ వాడండి. ఎంత ఉంటే పెద్దది, ఎంత ఉంటే చిన్నది, ఈ మాట ఎక్కడ పనికిరాదు అన్నదే అసలు సంగతి. ఇది చదివేవాళ్లలో చాలామంది మనలాగే రాయగడ, గుణుపురం, కోరాపుట్, పర్లాకిమిడి వైపు వాళ్లయి ఉంటారు కాబట్టి, ఇక్కడి వానకి, ఇక్కడ దొరికే సామానుకి తగ్గట్టు చెబుతాను.

ఈ విమానమే ఎందుకంటే, మిగ్-21కీ మనకీ ఉన్న బంధం అలాంటిది. దాన్ని మన దేశంలో తయారు చేసినప్పుడు పని మూడు చోట్లకి పంచారు. బాడీ నాసిక్‌లో, ఇంజిన్ కోరాపుట్ డివిజన్‌లో, అంటే సునాబేడాలో, ఎలక్ట్రానిక్ పరికరాలు హైదరాబాద్‌లో. సునాబేడా ఫ్యాక్టరీ 1964లో మొదలైందే ఈ ఇంజిన్ కోసం. 2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో మిగ్-21కి వీడ్కోలు పలికారు. కనీసం మన ఇంటి అలమరాలో అయినా అది సరైన రంగులతో నిలబడాలని నా కోరిక.

ముందు ఒక్క విమానాన్ని ఎంచుకోండి

డెకాలా, మాస్కా అన్న ప్రశ్న రెండోది. మొదటి ప్రశ్న, మీరు చేస్తున్నది ఏ మిగ్-21, ఏ ఏడాదిది? మన వైమానిక దళానికి 1963లో మొదట వచ్చింది టైప్ 74. తర్వాత వచ్చిన టైప్ 77, అంటే ఎఫ్‌ఎల్, పెద్ద సంఖ్యలో నాసిక్‌లో తయారైంది. ఆ తర్వాత టైప్ 96, టైప్ 75 బిస్, చివరికి బిస్‌కి కొత్త పరికరాలు అమర్చి చేసిన బైసన్. తోక ఆకారం, వీపు మీది ఉబ్బు ఒక్కోదానికి ఒక్కోలా ఉంటాయి. సీరియల్ నంబర్ కూడా అంతే. ఎఫ్‌ఎల్‌కి ముందు 'సి' అక్షరం, బైసన్‌కి 'సియు'. బైసన్ నంబరు తీసుకెళ్లి ఎఫ్‌ఎల్ మోడల్ మీద ఎంత అందంగా వేసినా అది తప్పే.

అందుకని ఒక్క విమానం ఫోటో పట్టుకోండి. నంబరు చదవగలిగేలా ఉండాలి, తీసిన ఏడాది తెలియాలి. రెండో పక్క నుంచి తీసిన ఫోటో కూడా దొరికితే అదృష్టమే. తోక మీది మూడు రంగుల పట్టీలో కాషాయం ఎటువైపు ఉందో, స్క్వాడ్రన్ (విమాన దళం) బొమ్మ ఒక పక్కే ఉందా రెండు పక్కలా ఉందా అన్నది ఊహించకుండా ఫోటోలో చూసి వెయ్యాలి. పార్కుల్లో, గేట్ల దగ్గర నిలబెట్టిన విమానాలని మాత్రం ఆధారంగా తీసుకోవద్దు. ప్రదర్శనకి పెట్టినవాటికి ఎప్పటికప్పుడు కొత్త రంగు పూస్తుంటారు. అప్పుడు చక్రం సైజు, అక్షరాల తీరు మారిపోవచ్చు. మొదట్లో నేను అలాంటి విమానం కొలతలే నమ్మాను. నా రెండో మోడల్ మీద చక్రం ఇప్పటికీ పెద్దదిగానే ఉంది.

సైజు పట్టుకోవడం కష్టమేమీ కాదు. మిగ్-21 రెక్కల వెడల్పు ఈ చివర నుంచి ఆ చివరకి సుమారు 7.15 మీటర్లు. అంటే 1/72లో 99 మి.మీ., 1/48లో 149 మి.మీ. ఫోటోలో చక్రం పక్కనే ఉన్న ఏదో ఒక భాగాన్ని, ప్యానెల్ (ఒంటి మీది రేకు ముక్క) వెడల్పో తోక ఎత్తో తీసుకుని, దాంట్లో చక్రం ఎన్నో వంతు ఉందో లెక్క కట్టండి. మీ మోడల్ మీద అదే భాగాన్ని స్కేలుతో కొలిచి అదే వంతు తీసుకోండి. ఫోటో పక్కగా తీసినదైతే గుండ్రం కోడిగుడ్డులా కనిపిస్తుంది. అప్పుడు అడ్డంగా కాదు, నిలువుగా కొలవాలి. చక్రం మొత్తం సైజు ఒక్కటే చాలదు, లోపలి ఆకుపచ్చ ఎంత, మధ్య తెలుపు ఎంత అన్నది కూడా అదే ఫోటోలోంచే తియ్యండి.

ఉదాహరణకి అసలు చక్రం 90 సెం.మీ. వచ్చిందనుకుందాం. 1/72లో 12.5 మి.మీ., 1/48లో 18.75 మి.మీ. అవుతుంది. నేనైతే 12, 12.5, 13 మి.మీ. కాగితపు బిళ్లలు మూడు కత్తిరించి, ఒక్కోటి రెక్క మీద చిన్న టేపు ముక్కతో నిలబెట్టి, ఫోటో ఏ కోణంలో ఉందో అదే కోణంలో మోడల్‌ని పట్టుకుని చూస్తాను. అర మిల్లీమీటరు తేడా అంకెల్లో చిన్నదే కానీ, రెక్క మీద పెట్టి చూస్తే కంటికి ఇట్టే తెలిసిపోతుంది.

డెకాల్: ఎక్కడ దానికి సాటి లేదు, ఎక్కడ మోసం చేస్తుంది

నీళ్లలో నానబెట్టి జార్చే డెకాల్‌ని తక్కువ చేసి మాట్లాడను. విమానం ఒంటి నిండా 'ఇక్కడ అడుగు పెట్టొద్దు' లాంటి చిన్న చిన్న హెచ్చరికలుంటాయి. ఆ అక్షరం ఎత్తు 2.5 సెం.మీ. అనుకుంటే 1/48లో అర మిల్లీమీటరు, 1/72లో అంతకన్నా తక్కువ. ఏ మాస్కూ, ఏ బ్రష్షూ అది చెయ్యలేవు. స్క్వాడ్రన్ చిహ్నం సంగతీ అంతే. ఇరవై ఎనిమిదో స్క్వాడ్రన్, 'ఫస్ట్ సూపర్‌సోనిక్స్', మన మొదటి మిగ్-21 స్క్వాడ్రన్. అలాంటి దళం చిహ్నం మొత్తం 1/72లో మినపగింజంత కూడా ఉండదు. దాన్ని డెకాల్‌కే వదిలేయండి.

కిట్‌లో వచ్చే డెకాల్‌కీ, విడిగా కొనే డెకాల్‌కీ తేడా చూడాల్సింది మూడు చోట్ల. ఒకటి రంగు. మనవి కాని దేశాల్లో అచ్చయిన కిట్లలో కాషాయం తరచుగా నారింజో ఎరుపో అయిపోతుంది. రెండోది రంగులు ఒకదాని మీద ఒకటి సరిగ్గా పడ్డాయా అన్నది. భూతద్దం పెట్టి చూడండి, ఆకుపచ్చ చుక్క తెలుపులో ఒక పక్కకి జరిగి ఉంటే దాన్ని సరిచేసే మార్గం లేదు. మూడోది పొర. మంచి డెకాల్‌కి పారదర్శకమైన పొర బొమ్మ అంచుకి దగ్గరగా ఆగుతుంది. నాసిరకం దానికి షీటంతా ఒకటే పొర, ప్రతి అక్షరం చుట్టూ మనమే కత్తిరించుకోవాలి.

అతికించేటప్పుడు జరిగే అతి పెద్ద పొరపాటు గరుకు రంగు మీద నేరుగా పెట్టేయడం. గరుకుతనంలో గాలి ఇరుక్కుంటుంది, పొర కింద వెండిలా మెరుస్తుంది. మోడలర్లు దాన్ని సిల్వరింగ్ అంటారు. మా పెదనాన్న చూసింది అదే. ముందు మెరిసే క్లియర్ కోటు (రంగు లేని పారదర్శకమైన పూత) వేసి, అది బాగా ఆరాక డెకాల్ పెట్టి, చివర్లో మ్యాట్ (మెరవని) క్లియర్‌తో మొత్తం ఒకటి చెయ్యాలి. డెకాల్ కింద పూసే సెట్టింగ్ ద్రావణం, పైన పూసే సాఫ్ట్‌నర్ వేరు వేరు. మైక్రో సెట్, మైక్రో సాల్ జంట ఇలాంటిదే. మిస్టర్ మార్క్ సెట్టర్, మార్క్ సాఫ్టర్ కూడా అంతే. మొదటిది అతుకు కోసం, రెండోది పొరని మెత్తబరిచి ప్యానెల్ గీతల్లోకి దింపడం కోసం. సాఫ్ట్‌నర్ పడగానే డెకాల్ ముడతలు పడుతుంది. కంగారుపడి వేలు పెట్టారో, చిరిగి చేతికి వస్తుంది. వదిలేస్తే దానంతటదే సాగి కిందికి దిగి అద్దంలా పరుచుకుంటుంది. ఆ పది నిమిషాలు కుర్చీలోంచి లేచి వెళ్లిపోవడం మంచిది.

మన బోరు నీళ్లతో ఒక ఇబ్బంది ఉంది. ఉప్పదనం ఉన్న నీళ్లు ఆరాక డెకాల్ చుట్టూ తెల్లటి మరక మిగులుతుంది. బ్యాటరీ షాపులో అమ్మే డిస్టిల్డ్ వాటర్ ఒక బాటిల్ తెచ్చుకుంటే ఏడాది పైనే వస్తుంది. డెకాల్‌ని నీళ్లలో వదిలేసి మరచిపోకూడదు. పది, పదిహేను సెకన్లు ముంచి, తీసి తడి టిష్యూ మీద పెడితే నిమిషంలో కాగితం మీద కదలడం మొదలెడుతుంది. నీళ్లలోనే తేలిపోతే కింది జిగురంతా కరిగిపోతుంది.

పాత కిట్ ఎవరిదగ్గరైనా కొంటే, ముందు షీట్‌లో మీకు అక్కర్లేని ఒక ముక్క కత్తిరించి నానబెట్టి చూడండి. ముక్కలుగా విడిపోతే, మిగతా షీట్ మీద లిక్విడ్ డెకాల్ ఫిల్మో, లాకర్ (వార్నిష్ లాంటిది) క్లియరో ఒక పలుచటి కోటు వేసి కాపాడుకోవచ్చు. పొర పసుపు తిరిగి ఉంటే షీట్‌ని కవర్లో పెట్టి ఎండ పడే కిటికీ అద్దానికి కొన్ని రోజులు అంటించండి, చాలా వరకు తెల్లబడుతుంది. వానాకాలంలో మాత్రం ఆ పని పెట్టుకోవద్దు. మన కొండల మీద ఎండ కన్నా మబ్బే ఎక్కువ.

మాస్క్: నా మనసు ఇటే

అసలు విమానం మీద ఆ చక్రాన్ని రంగుతోనే వేశారు. అందుకే మోడల్ మీద కూడా రంగుతో వేసిన చక్రానికి ఉండే సహజత్వం వేరు. చుట్టూ ఉన్న రంగుతో పాటే వెలుస్తుంది, దాంతో పాటే మాస్తుంది, రివెట్ల మీద ఏ పొరా అడ్డు రాదు. కాషాయం మన ఇష్టం. చుక్క పసుపు కలిపి, అవసరమైతే తెలుపు కలిపి ఎండకి వెలిసినట్టు తేవచ్చు. జెండా బట్ట కాషాయాన్ని చూసి కలపొద్దు. బట్ట రంగు వేరు, ఎండలో నిలబడిన లోహం మీది రంగు వేరు. అదే ఏడాది విమానం ఫోటో పక్కన పెట్టుకుని, పగటి వెలుతురులో కలపండి.

మాస్క్ రెండు రకాలు. ఒకటి పసుపు రంగు కాగితం టేపుతో చేసినది, రెండోది వినైల్, అంటే స్టిక్కర్ల ప్లాస్టిక్ షీటు. కాగితం టేపు వంపుల మీద బాగా వాలుతుంది, జిగురు తక్కువ, కింది రంగుని లాగదు. వినైల్ అంచు కత్తిలా పదునుగా వస్తుంది కానీ వంపు దగ్గర లేస్తుంది. రెక్క చదునుగా ఉంటుంది, అక్కడ వినైల్ చాలు. మిగ్ ముక్కు భాగం గుండ్రటి గొట్టం లాంటిది, అక్కడి చక్రానికి కాగితం టేపే మేలు. రెడీమేడ్ మాస్కులు ఎడ్వార్డ్, మాంటెక్స్ లాంటి కంపెనీలు చేస్తాయి. మనకి కావలసిన విమానం, మనకి కావలసిన సైజు వాటిలో ఉంటే సరే, లేకపోతే మనమే కోయించుకోవాలి.

కోయడానికి ఖరీదైన మిషన్ కొనక్కర్లేదు. బళ్ల నంబర్ ప్లేట్లు చేసే రేడియం షాపులో కట్టింగ్ ప్లాటర్ ఉంటుంది. మా ఊళ్లో షాపు నడిపే కుర్రాడు సాలూరు నుంచి వచ్చి స్థిరపడ్డాడు. మొదటిసారి కొలతలు ఇస్తే, "ఇంత చిన్నదా సార్? బ్లేడు తిరగదండీ" అన్నాడు. "ఒక్కసారి కోసి చూడు తమ్ముడూ, పాడైనా డబ్బులిస్తాను" అన్నాను. మొదటిసారి లోపలి చిన్న గుండ్రం కోడిగుడ్డులా వచ్చింది. మొదలుపెట్టిన చోటా ముగిసిన చోటా అంచులు కలవలేదు. అతనే ఆలోచించి, బ్లేడు మార్చి, స్పీడు బాగా తగ్గించి, పాత స్టాక్‌లో ఉన్న పలుచటి వినైల్ వేశాడు. మూడోసారి చక్కగా వచ్చింది. 1/48 చక్రాలైతే మొదటిసారికే వచ్చేశాయి. ఒకే షీట్ మీద పది చక్రాలు కోయించుకోండి, నాలుగు పాడైనా నాలుగు రోజులు ఆగక్కర్లేదు.

ఒక జాగ్రత్త. రేడియం షాపు వినైల్ జిగురు బండి మీద వానకి ఎండకి ఆగేలా చేసినది, మన పలుచటి రంగుకి అది మరీ ఎక్కువ. వాడేముందు రెండు మూడుసార్లు శుభ్రమైన నూలు గుడ్డ మీద అంటించి పీకండి. కింద ప్రైమర్ (రంగు పట్టడానికి ముందు వేసే పూత) తప్పకుండా ఉండాలి.

మూడు రంగుల చక్రంలో అందరూ తడబడేది రింగులు ఒకే కేంద్రం చుట్టూ రాకపోవడం దగ్గర. నేను ఇలా చేస్తాను. కోసిన ముక్కలన్నీ, అంటే చుట్టూ ఫ్రేము, బయటి రింగు, మధ్య రింగు, లోపలి బిళ్ల, అన్నీ కలిపి పైన టేపుతో ఎత్తి ఒక్కసారే రెక్క మీద దించుతాను. తర్వాత ఫ్రేముని మాత్రం ఉంచి లోపలివన్నీ పట్టకారుతో లేపి, వినైల్ వెనక వచ్చే నున్నటి కాగితం మీద జాగ్రత్త చేస్తాను. ఫ్రేము అంచు పొడుగునా గోరుతో నొక్కి, ముందు విమానం రంగునే పలుచగా ఒక పొగలాగా కొడతాను. అంచు కింద చిన్న సందు ఉంటే అదే రంగు దూరి మూసేస్తుంది, తర్వాత వేసే రంగు కారదు. ఆపైన తెలుపు, మూడు పలుచటి కోట్లు. తెలుపు పూర్తిగా ఆరాక బయటి రింగుని మళ్లీ ఫ్రేముకి ఆనించి పెడతాను. దానికి ఆనించి మధ్య రింగు, దాని లోపల బిళ్ల. అన్నీ ఒకదానికొకటి ఆనుకుని కూర్చుంటాయి కాబట్టి కేంద్రం తప్పదు. ఇప్పుడు బయటి రింగు తీసేస్తే కాషాయం కొట్టడానికి చోటు సిద్ధం. అది ఆరాక బయటి రింగు మళ్లీ పెట్టి, బిళ్ల తీసి, ఆకుపచ్చ.

అన్నీ పీకేటప్పుడు పైకి లాగకుండా, టేపుని తన మీదకే మడిచినట్టు, ఉపరితలానికి ఆనించి వెనక్కి లాగాలి. చివరి రంగు మరీ గట్టిపడకముందే తీస్తే అంచు తెగినట్టు వస్తుంది. అంచు దగ్గర గట్టు మిగిలితే రెండు రోజులు ఆగి, 2000 నంబరు వాటర్ పేపర్ తడిపి, బరువు వెయ్యకుండా రెండు మూడుసార్లు తడిమితే చాలు. మొదటిసారి ఆ ఫ్రేము లేచిన క్షణం నాకు ఇంకా గుర్తుంది. కాషాయం, తెలుపు, ఆకుపచ్చ మూడూ సూదిగా, రెక్క రంగులోంచే పుట్టినట్టు కనిపించాయి. కిటికీ దగ్గర అటూ ఇటూ తిప్పాను, ఏ మెరుపూ లేదు.

ఎయిర్‌బ్రష్ (గాలితో రంగు చిమ్మే పరికరం) లేనివాళ్లు మాస్క్ వదులుకోనక్కర్లేదు. కొత్త స్పాంజి ముక్కని రంగులో అద్ది, కాగితం మీద దాదాపు అంతా తుడిచేసి, మాస్క్ లోపల మెత్తగా అద్దండి. ఐదారు సార్లు పడుతుంది, ఓపిక కావాలి, కానీ అంచు కిందికి రంగు కారదు. 1/72లో ఎయిర్‌బ్రష్ చక్రానికీ స్పాంజి చక్రానికీ తేడా కనిపెట్టడం కష్టం.

సీరియల్ నంబరు: మధ్యలో చిక్కే కేసు

తోక మీదో వెనక బాడీ మీదో ఉండే నంబరు దగ్గర నిర్ణయం తేలిగ్గా తేలదు. అక్షరం ఎత్తు 20 సెం.మీ. అనుకోండి. 1/48లో 4 మి.మీ. దాటుతుంది, మాస్క్‌కి లొంగుతుంది. 1/72లో 3 మి.మీ. కూడా రాదు, అక్కడ డెకాలే దిక్కు. నా లెక్క ఏమిటంటే, అక్షరం 4 మి.మీ. దాటితే మాస్క్, 3 లోపైతే డెకాల్, మధ్యలో ఉంటే మీ చేతి మీద మీకున్న నమ్మకం. సున్నా, ఆరు, ఎనిమిది, తొమ్మిదిలో లోపల విడిగా ఉండే చిన్న ముక్కలుంటాయి. వాటిని ముందే సూది మొనతో ఎత్తి వాటి చోట పెట్టుకోవాలి, ఒక్కటి పోతే అంకె మొత్తం పోయినట్టే.

చేతి బ్రష్‌తో అక్షరాలు రాయడం గురించి చాలామంది అడుగుతారు. సైన్‌బోర్డులు రాసిన చెయ్యి ఉంటే తప్ప వద్దంటాను. చెయ్యి తిరిగినవాళ్లు కూడా ఒకే ఎత్తులో ఐదు అంకెలు 4 మి.మీ.లో నిలబెట్టడం గగనం. బ్రష్ పనికొచ్చేది వేరే చోట. చిన్న హెచ్చరిక చుక్కలు, డెకాల్ చిరిగిన చోట రంగు అద్దడం, అంచు దిద్దడం, వీటికి రెండు సున్నాల (00) సన్నటి బ్రష్ ఎప్పుడూ పక్కన ఉండాలి.

ఇంట్లో ప్రింటు తీసుకునే డెకాల్ కాగితం కూడా ఉంది. మన ఫోటోలోని నంబరు సరిగ్గా అదే అక్షరాల తీరులో కావాలంటే అదే దారి. ఇంక్‌జెట్‌తో తీస్తే నీళ్లలో పెట్టేముందు క్లియర్ లాకర్ కొట్టి తీరాలి, లేకపోతే ఇంకు కరిగిపోతుంది. మామూలు ప్రింటర్ తెలుపు ముద్రించలేదు, కాషాయం లాంటి లేత రంగులు ముదురు రంగు మీద మాయమైపోతాయి. కాబట్టి నల్లటి నంబర్లకి అది చక్కగా పనికొస్తుంది, చక్రాలకి పనికిరాదు. రుద్ది అంటించే డ్రై ట్రాన్స్‌ఫర్ పొర లేకుండా అందంగా వస్తుంది కానీ మన విమానాలకి దొరకడం అరుదు. పొరపాటున ఒకసారి వంకర పడితే జరపడానికి వీలుండదు.

విమానం రంగు కూడా నిర్ణయిస్తుంది

నా సలహా తిరగబడే చోటు వెండి రంగు ఎఫ్‌ఎల్. మెరిసే లోహపు రంగులు చాలా సున్నితం, వాటి మీద మాస్క్ పెట్టి పీకితే మచ్చ పడుతుంది, కొన్నిసార్లు రంగే లేచి వస్తుంది. అందుకని క్రమం తిప్పండి. ప్రైమర్ మీద ముందు తెలుపు, చక్రం పూర్తిగా వేసేసి, గుండ్రటి మాస్క్‌తో దాన్నే మూసి, ఆపైన వెండి కొట్టండి. చివర్లో ఆ బిళ్ల లేపితే చక్రం కనిపిస్తుంది. చక్రం ఎక్కడ రావాలో ముందే గీతలు కొలిచి రాసి పెట్టుకోవాలి, వెండి పడ్డాక జరపలేరు. అంత ఓపిక లేకపోతే మంచి డెకాల్ తీసుకుని, పొరని రంగు అంచు దాకా కత్తిరించి వాడండి. వెండి మీద పొర మరీ స్పష్టంగా కనిపిస్తుంది.

1971 యుద్ధ కాలపు విమానం చేస్తే, అది మాస్క్‌కి పుట్టిన పని. వెండి మిగ్‌ల మీద అప్పటికప్పుడు స్క్వాడ్రన్లలోనే కామఫ్లాజ్ (శత్రువు కంటపడకుండా వేసే రంగులు) పూశారు, ఒక్కోదాని మీద ఒక్కో తీరు. ఇరవై ఎనిమిదో స్క్వాడ్రన్ ఎఫ్‌ఎల్‌లు డిసెంబర్ 14న ఢాకా గవర్నమెంట్ హౌస్ మీద రాకెట్లు కురిపించిన రోజుల విమానాలవి. చక్రం చుట్టూ కొత్త రంగు ఎక్కడ ఆగిందో, వెండి అంచు ఎంత మిగిలిందో ఫోటోలో వెతకండి. ఆ అంచు డెకాల్‌తో రాదు. బైసన్ బూడిద రంగుల మీద మాత్రం రెండు పద్ధతులూ దాదాపు సమానం. మొదటి మోడల్ కడుతున్నవాళ్లు బైసన్‌తో, మంచి డెకాల్ షీట్‌తో మొదలెడితే తప్పేమీ లేదు.

మిగ్ కాకుండా రెండో ప్రపంచ యుద్ధం విమానం ఏదైనా ఎంచుకుంటే, ఆ కాలంలో మన ఒడిశాలోనే అమర్దా రోడ్ ఎయిర్‌ఫీల్డ్‌లో పైలట్లకి గాల్లో పోరాడడం నేర్పే యూనిట్ ఉండేది. ఆ ఆగ్నేయాసియా రంగంలోని బ్రిటిష్, భారతీయ విమానాల చక్రంలో ఎరుపు తీసేశారు, జపాన్ ఎర్ర బింబంతో పొరబడి మనవాళ్లే కాల్చకుండా. ముదురు నీలంలో లేత నీలం, రెండే రంగులు. 1945లో ఫైటర్ల రెక్కల మీద, తోక మీద పట్టీలు కూడా వేశారు, ముదురు విమానాలకి తెలుపు, వెండివాటికి ముదురు రంగు. ఈ పట్టీలకి డెకాల్ వెతక్కండి, కాగితం టేపు సమాంతరంగా అంటించి రంగు కొట్టడం అరగంట పని. మాస్క్ నేర్చుకోవడానికి ఇంతకన్నా తేలికైన విమానం లేదు.

వానాకాలం

జూన్ నుంచి సెప్టెంబర్ దాకా కోరాపుట్ వైపు గాలిలో తేమ గోడలకే పట్టేస్తుంది. అలాంటి రోజు లాకర్ క్లియర్ కొడితే పాలలాగా తెల్లబడుతుంది. రంగు పని ఎండ కాసిన రోజు, తెల్లవారి మంచు విడిపోయాక పెట్టుకోండి. కంప్రెసర్‌కి నీళ్లు పట్టే ఫిల్టర్ ఉండాలి, లేకపోతే సరిగ్గా కాషాయం మధ్యలోనే నీటి చుక్క ఉమ్ముతుంది. వర్షం రోజుల్లో డెకాల్ పని చెయ్యొచ్చు, ఆరడానికి రెట్టింపు టైమ్ ఇవ్వండి చాలు. డెకాల్ షీట్లని మాత్రం ఎప్పుడూ బయట వదలొద్దు. రెండు అట్టల మధ్య పెట్టి, మందుల డబ్బాల్లో వచ్చే తేమ పీల్చే పొట్లం ఒకటి వేసి, జిప్ కవర్లో మూసి పెట్టండి.

కొనే వరుస అడిగితే, ముందు కాగితం టేపు, పదునైన బ్లేడ్లు, పట్టకారు. తర్వాత సెట్టర్, సాఫ్ట్‌నర్ జంట. ఆ తర్వాత మీ విమానం నంబరున్న మంచి డెకాల్ షీట్. ఎయిర్‌బ్రష్ ఆఖరిది, అది వచ్చేదాకా స్పాంజి సరిపోతుంది. వినైల్ మాస్కులకి నేను ఇచ్చింది షీటుకి 50 రూపాయలు. ఇప్పుడు చేస్తున్నది 1/48 ఎఫ్‌ఎల్. రెక్కల మీద కింద రెండు, పైన రెండు చక్రాలు పూర్తయి బిళ్లల కింద దాగి ఉన్నాయి. వెండి రంగు ఇంకా కొట్టలేదు, నాలుగు రోజులు వరసగా ఎండ కాస్తే కొడతాను. తర్వాత సునాబేడా తీసుకెళ్లి, అదే కిటికీ దగ్గర పెదనాన్న చేతికివ్వాలి.